ఆరో తరగతికి బడి ఎంచుకునే ముందు

ఐదో తరగతి ముగిసిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ వేసవిలో ఒకే చర్చ. అమ్మాయిని ఎక్కడ చేర్చాలి? అబ్బాయిని గురుకులానికి పంపాలా, ఊళ్లోని బడిలోనే ఉంచాలా? వికారాబాద్‌లోనైనా తాండూరులోనైనా ఈ ప్రశ్నకు జవాబు సాధారణంగా పక్కింటివారి మాటతోనో, బంధువుల సలహాతోనో తేలిపోతుంది. ఫలానా బడిలో ఇంగ్లీషు బాగుందట, ఫలానా బడిలో పదో తరగతి ఫలితాలు వంద శాతమట. ఇంతకు మించి విచారించేవారు తక్కువ.

నిజాం కాలంలో మన పెద్దలు చదువును తహ్తానియా, వస్తానియా, ఫౌఖానియా అని మూడు మెట్లుగా చెప్పుకునేవారు. నడిమి మెట్టయిన వస్తానియాకు నేడు విడిగా బడి లేదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు కొన్నిచోట్ల ప్రాథమికోన్నత పాఠశాలలో, ఎక్కువచోట్ల ఉన్నత పాఠశాలలో కలిసిపోయాయి. విడిగా కనబడదు గనుక ఈ మెట్టును ఎవరూ పట్టించుకోవడం లేదు. పిల్లలు జారిపడేది మాత్రం ఇక్కడే.

ముందున్న దారులు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సబ్జెక్టుకొక ఉపాధ్యాయుడు ఉండే అవకాశం ఎక్కువ. పుస్తకాలు, మధ్యాహ్న భోజనం ఉచితం. పిల్లలు సాయంత్రానికి ఇంటికి చేరతారు. ప్రాథమికోన్నత పాఠశాల ఇంటికి దగ్గర, కానీ పిల్లలు తక్కువైతే ఉపాధ్యాయులూ తక్కువే. 2016లో రాష్ట్రంలో 71 బడులతో మొదలైన మైనారిటీ గురుకులాలు మన జిల్లాలోనూ ఉన్నాయి. అక్కడ వసతి, భోజనం, ఇంగ్లీషు మీడియం అన్నీ ఉచితం. అయితే ప్రవేశం ఐదో తరగతిలోనే. ఆ తర్వాత మిగిలిన సీట్లకే చూసుకోవాలి. ఆడపిల్లలకు ఆరో తరగతి నుంచి కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. ప్రవేశ పరీక్ష రాసి చేరే మోడల్ స్కూళ్లు కొన్ని మండలాల్లో ఉన్నాయి.

వీటిలో ఫలానాదే మంచిదని పేరు చెప్పడం మా ఉద్దేశం కాదు. నిన్న మంచిదన్న బడి నేడు అలాగే ఉంటుందన్న హామీ లేదు. 2024లో రాష్ట్రమంతటా పెద్ద ఎత్తున పదోన్నతులు, బదిలీలు జరిగాయి. అదే ఏడాది 11,062 పోస్టులకు డీఎస్సీ కూడా జరిగింది. గణితం చెప్పే ఒక్క ఉపాధ్యాయుడు బదిలీ అయితే బడి పేరు మారదు, చదువు మారిపోతుంది. కాబట్టి చూడవలసింది బడి పేరు కాదు, ఈ ఏడాది ఆరో తరగతికి లెక్కలు ఎవరు చెబుతున్నారన్నది.

లెక్కలే ఎందుకు?

తాండూరులో నాపరాళ్ల పని చేసే తండ్రి ఎన్ని అడుగుల రాయి అయిందో నోటితోనే లెక్క కడతాడు. పొడవు, వెడల్పు, వైశాల్యం ఆయనకు రోజూ చేతిలో పని. అదే పాఠం ఆరో తరగతి పుస్తకంలో ఉంటుంది. ఆ ఇంటి పిల్లవాడు మాత్రం భాగహారం దగ్గరే ఆగిపోతాడు. ఇది ఒక్క మన ప్రాంతపు సంగతి కాదు. గ్రామీణ భారతంలో ఎనిమిదో తరగతి పిల్లల్లో సగం మందికి కూడా మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం రావడం లేదని 2024 అసర్ నివేదిక తేల్చింది.

పై తరగతికి పంపుతూ పోయినంత కాలం ఈ లోటు బయటపడదు. పదో తరగతిలో ఒక్కసారిగా బయటపడుతుంది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో ఇంజనీరింగ్ కోర్సులకు లెక్కించే 120 మార్కుల్లో 60 గణితానివే. అంటే ఆరో తరగతిలో భిన్నాలు రాని పిల్లవాడికి పదో తరగతి తర్వాత సగం తలుపులు మూసుకుపోయినట్టే.

విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు కనీసం ముగ్గురు ఉపాధ్యాయులుండాలంటుంది. విజ్ఞాన శాస్త్రం, గణితం కలిపి ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు. ప్రతి 35 మంది పిల్లలకు ఒకరు తగ్గకూడదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. లెక్కలకూ సైన్సుకూ ఒక్కరే ఉన్నా చట్టం తృప్తి పడుతుంది. ఆ ఒక్కరు జీవశాస్త్రం చదివినవారైతే లెక్కలు ఎలా సాగుతాయో తల్లిదండ్రులే అడిగి తెలుసుకోవాలి.

విడదీయడం వేరు, చేయిపట్టడం వేరు

ప్రైవేటు కార్పొరేట్ బడులలో ఆరో తరగతి నుంచే ఒలింపియాడ్, ఐఐటీ ఫౌండేషన్ అంటూ పిల్లలను సెక్షన్లుగా విడదీస్తున్నారు. ఏ సెక్షన్‌లో పడితే ఆ పిల్లవాడి దారి అదే. అమెరికాలోనూ ఈ వాదం ఏళ్లుగా నడుస్తోంది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 2014లో ఎనిమిదో తరగతి బీజగణితాన్ని తీసేసి పిల్లలందరినీ ఒకే దారిలో నడిపించింది. పదేళ్లకు, 2024లో, దాన్ని తిరిగి తేవాలని నిర్ణయించింది. ముందున్నవారిని ఆపితే వెనకబడినవారు దానంతట అదే ముందుకు రారని ఆ నగరానికి తెలిసివచ్చింది.

మన సర్కారు బడిలో ఇలాంటి సెక్షన్లు లేవు. అందరికీ ఒకే పుస్తకం. అది సమానత్వమే గానీ, భాగహారం రాని పిల్లకు బీజగణితం చెప్పడం ఆమెకు న్యాయం చేసినట్టు కాదు. రోజుకు ఒక గంట పిల్లలను వయసును బట్టి కాక వచ్చినదాన్ని బట్టి కూర్చోబెట్టి నేర్పితే ఫలితముంటుందని ప్రథమ్ సంస్థ పని మీద జరిగిన పరిశోధనలు చూపాయి. ఆ పరిశోధనల్లో పాలుపంచుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. మన రాష్ట్రంలో ఒకటి నుంచి ఐదు తరగతులకు 2022లో తొలిమెట్టు, ఆరు నుంచి తొమ్మిది తరగతులకు 2023లో ఉన్నతి వచ్చింది ఈ ఆలోచనతోనే. మీ బడిలో ఆ గంట నిజంగా జరుగుతోందా, కాగితం మీదనే ఉందా? అసలు ప్రశ్న ఇదే.

ఉర్దూ పిల్లల కష్టం

ఇక్కడ మన ఇళ్లకే సంబంధించిన సంగతి ఒకటుంది. ఉర్దూ మీడియంలో ఐదు చదివిన పిల్లకు జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీమ్ తెలుసు. ఆరో తరగతిలో ఇంగ్లీషు మీడియంలో చేరగానే అవి అడిషన్, సబ్‌ట్రాక్షన్, మల్టిప్లికేషన్, డివిజన్ అవుతాయి. ఉపాధ్యాయుడు తెలుగులో విడమరిచి భాగహారం అంటాడు. మూడు మాటల మధ్య పిల్ల నోరు మెదపదు. ఆమెకు లెక్కలు రావని అనుకుంటారు. రానిది మాట, లెక్క కాదు. చేరిన మొదటి నెలలో ఇంట్లోనో బడిలోనో ఈ మూడు భాషల మాటలను కలిపి చెప్పేవారు ఒక్కరుంటే చాలు.

ఉర్దూ మీడియంలోనే కొనసాగించాలనుకునేవారికి మరో చిక్కు. ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన ఉర్దూ ఉపాధ్యాయ పోస్టులు అభ్యర్థులు దొరక్క ఏళ్లుగా ఖాళీగా మిగిలిపోతున్నాయి. ఏ సబ్జెక్టుకు ఉపాధ్యాయుడు ఉన్నాడో, ఏది ఖాళీయో ముందే చూసుకోవాలి. పై తరగతి దూరమైందని ఏడుతోనో ఎనిమిదితోనో ఆగిపోయేది ఎక్కువగా ఆడపిల్లే.

ఆటలు, ఉపకార వేతనం

ఆటలంటే కాలం వృథా అనుకోవద్దు. వంద మందికి పైగా పిల్లలున్న బడిలో వ్యాయామం, చిత్రకళ, చేతిపని నేర్పేవారు ఉండాలని చట్టమే చెబుతోంది. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడున్నారా, ఆడపిల్లలకూ ఆట గంట ఉందా, గ్రంథాలయం బీరువాకు తాళమా, పుస్తకాలు పిల్లల చేతికి వస్తున్నాయా చూడండి. ఆరో తరగతి నుంచి పిల్లల సొంత ఆలోచనలను ఇన్‌స్పైర్ మానక్‌కు పంపవచ్చు. ఎంపికైతే 10,000 రూపాయలు వస్తాయి. పోయినేడు మీ బడి నుంచి ఎన్ని వెళ్లాయో అడగండి.

మరొకటి చాలామందికి తెలియదు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000, మొత్తం 48,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం ఏటా మూడున్నర లక్షలు దాటకూడదు. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో రోజూ ఇంటి నుంచి వెళ్లి చదివే పిల్లలకే ఇది. ప్రభుత్వ గురుకులాల వారికి, ప్రైవేటు బడుల వారికి వర్తించదు. గురుకులంలో తిండి, వసతి ఉచితం గనుక అది నష్టమని అనలేం. కానీ తాండూరులో ఉండి జిల్లా పరిషత్ బడికి వెళ్లే పిల్లకు ఇది చేతికందే అవకాశం. ఈ పరీక్షలోనూ లెక్కలు రాకుంటే నెగ్గడం కష్టం.

బడులు తెరిచేలోగా ఒక పూట కూలి పోయినా సరే, తల్లీ తండ్రీ ఇద్దరూ బడికి వెళ్లండి. ఆరో తరగతికి లెక్కలు ఎవరు చెబుతారు? భాగహారం రాని పిల్లను ఏం చేస్తారు? ఆడపిల్లలకు ఆట గంట ఉందా? ఈ మూడు అడగండి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, అందరిలో సగం మంది మహిళలు కావాలని చట్టం చెప్పింది. ఆ కుర్చీలో మనవాళ్లు కూర్చోకపోతే తప్పు చట్టానిది కాదు. మంచి బడి కోసం ఊరు మారనక్కరలేదు. మన ఊరి బడిని అడిగే అలవాటు ముందు మనకు రావాలి.