‘బెగ్ ది క్వశ్చన్’: ఒక పలుకుబడి, ఒక హేతుదోషము

ఆంగ్లమున ‘బెగ్ ది క్వశ్చన్’ అను పలుకుబడి పత్రికలలోను, ప్రసంగములలోను, తెలుగు సిద్ధాంతవ్యాసములకు చేర్చు ఆంగ్లసంగ్రహములలోను తఱచుగా కానవచ్చుచున్నది. ‘ఇందువలన మఱియొక ప్రశ్న పుట్టుచున్నది’ అని చెప్పదలచిన చోట దానిని ప్రయోగించుచున్నారు. పదములను విడదీసి చూచువారికి ఆ యర్థమే తోచుట సహజము. కాని దాని పుట్టుక వేఱు.

ప్రాచీన గ్రీకుల వాదములలో ప్రశ్నించువాడు కొన్ని విషయములను అంగీకరింపుమని ప్రతివాదిని అడిగి, ఆ యంగీకారములపై తన వాదమును నిలుపుకొనెడివాడు. ఏది వివాదగ్రస్తమో దానినే అంగీకరింపుమని అడుగుట దోషమని అరిస్టాటిల్ నిర్ణయించెను. ఆ దోషమే లాటినులో ‘పెటీషియో ప్రిన్సిపీ’ అయి, 16వ శతాబ్దమున ఈ పలుకుబడిగా ఆంగ్లమునకు వచ్చెను. కావున ఇందు ‘క్వశ్చన్’ అనగా వివాదాంశము. ‘బెగ్’ అనగా ఋజువు చూపక ఊరక ఇమ్మని కోరుట. 1926లో వెలువడిన ఫౌలర్ ప్రయోగనిఘంటువు ఈ దోషమునే దీనికి అర్థముగా చెప్పినది. నేటి నిఘంటువులు క్రొత్త యర్థమును గూడ చేర్చుకొన్నవి.

లోకవ్యవహారమును శాసింపబూనుట వ్యర్థము. వార్తాపత్రికలో క్రొత్త యర్థము కనబడినంత మాత్రమున ఎవరికిని నష్టము లేదు. పరిశోధనమున మాత్రము కలదు.

ఆంధ్రశబ్దచింతామణి కర్తృత్వ వివాదమునే చూడుడు. నన్నయకు వాగనుశాసనుడను బిరుదము కలదు గనుక ఆ వ్యాకరణము ఆయనదే యని యొక వాదము. ఆ బిరుద మేల వచ్చినదన్న, వ్యాకరణము రచించుటచేతనే యని సమాధానము. రెండు గుంజలును ఒకదానిపై నొకటి వాలియున్నవి. నేలలో పాతినది ఒక్కటియు లేదు. భారతరచనచే కావ్యభాషకు ఒక క్రమము కల్పించిన కవికి సైతము ఆ బిరుదము చక్కగా తగును. నన్నయ ఆ గ్రంథమును రచింపలేదని దీనివలన సిద్ధింపదు. ఈ త్రోవన మాత్రము ఏదియు సిద్ధింపదు. ఇట్టి వాదమును చూచి పరీక్షకుడు తన ఆంగ్ల నివేదికలో ‘బెగ్స్ ది క్వశ్చన్’ అని వ్రాసెననుకొందము. క్రొత్త యర్థమే యెఱిగిన పరిశోధకుడు, తన వ్యాసము నూతన ప్రశ్నలను రేకెత్తించినదని సంతోషించును!

తెలుగున దీనిని ‘ప్రశ్నను యాచించుట’ అని మక్కికి మక్కి దింపుట మఱింత హాస్యాస్పదము. మన శాస్త్రములలో పేర్లకు కొఱత లేదు. న్యాయసూత్రములలోని సాధ్యసమమును పలువురు దీనికి సమానార్థకముగా వాడిరి. అది పూర్తిగా సరికాదు; సాధ్యసమమున హేతువు సాధ్యమువలెనే ఋజువు కావలసినది, అంతియే కాని సాధ్యమే హేతువై కూర్చుండదు. విమలకృష్ణ మతిలాల్ 1974లో ఈ భేదమును చర్చించెను. తనపై తానే ఆధారపడుట ఆత్మాశ్రయము, రెండు పరస్పరము ఆధారపడుట అన్యోన్యాశ్రయము, మూడును అంతకు మించియు వలయముగా తిరుగుట చక్రకము. పైని చెప్పిన బిరుదవాదము స్పష్టముగా అన్యోన్యాశ్రయము. ఆంగ్లమున ఇంత సూక్ష్మవిభాగము ఒక్క పలుకుబడిలో ఇమడదు.

కావున ఆంగ్లమున క్రొత్త ప్రశ్నను సూచింపవలసినచో ‘రెయిజెస్ ది క్వశ్చన్’ అని వ్రాసిన సందిగ్ధత యుండదు. దోషమునే చెప్పవలసి వచ్చినపుడు పాత పలుకుబడిని వాడి, ఏ యంశము ఋజువు లేకయే గ్రహింపబడినదో ఆ వాక్యముననే పేర్కొనవలెను. తెలుగు వ్యాసమున అన్యోన్యాశ్రయమనియే వ్రాయవచ్చును.