పాడే పిల్లకి పరుపెందుకు?

1999 ఏప్రిల్‌లో అమెరికా సంగీత పత్రిక 'రోలింగ్ స్టోన్' బ్రిట్నీ స్పియర్స్‌ని అట్టకెక్కించింది. ఆ పిల్లకి 17 ఏళ్లు. ఫొటో డేవిడ్ లాషపెల్‌ది. పరుపు, లోబట్టలు, చెవి దగ్గర ఫోను, చంకలో పసిపిల్లల టెలీటబ్బీ బొమ్మ. మరి పాటేదీ? మైకేదీ?

1981లో జాన్ లెనన్ బట్టల్లేకుండా అదే పత్రిక అట్టమీద లేడా అంటారు. ఉన్నాడు. 40 ఏళ్లవాడు, లోకం మెచ్చినవాడు, తన ఇష్టంతో భార్యని హత్తుకుని. అదీ ఇదీ ఒకటేనా?

2023లో ఆ పత్రిక స్థాపకుల్లో ఒకడైన యాన్ వెన్నర్ ఏడుగురు సంగీతకారుల ఇంటర్వ్యూల పుస్తకం తెచ్చాడు. ఏడుగురూ మగాళ్లే. ఆడవాళ్లకి అంత లోతుగా మాట్లాడటం రాదన్నాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఫౌండేషన్ బోర్డు అతన్ని తప్పించింది. ఆడపిల్లల్ని ఇలా పరుపెక్కించిన పత్రికాయనే వాళ్లకి మాటలు రావంటాడు!

'సాయిబు కదా, పరదా అడుగుతున్నాడు' అనుకుంటున్నారా? కాదు భాయ్. గుడ్డ కొలత నా గొడవ కాదు. మా పిల్ల బొమ్మ వెయ్యాలంటే మీకు నల్ల బురఖా, రెండు కళ్లే దొరుకుతాయి. అక్కడ పరుపు, ఇక్కడ పరదా. రెండుచోట్లా ఆమె గొంతుకి జాగా లేదు.

ఫొటో తీసేముందు ఒక్కమాట అడగండి: అమ్మా, నువ్వేం పాడతావు?