ఉంగరంలో దూరే శాలువా

అరుదైన జంతువుల కోసం దేశాలు పట్టుకు తిరగడం డబ్బున్నవాళ్ల సరదా అని చాలామంది తీసిపారేస్తారు. జంతుశాస్త్రవేత్త జార్జ్ షాలర్ టిబెట్ ప్రయాణాలు చూస్తే ఆ మాట నిలవదు. ఉంగరంలోంచి దూరిపోయేంత పలుచని షాతూష్ శాలువాల ఊలు, జింకలు పొదలకు ఒళ్లు రాసుకున్నప్పుడు రాలిందేనని వర్తకులు చెప్పేవారు. కొనేవారికీ ఆ కథే హాయి. 1980ల నుంచి చాంగ్‌తాంగ్ పీఠభూమిలో చిరు జింకల (పేరుకే చిరు, మగవాటి కొమ్ములు మూరెడు దాటుతాయి) వెంట తిరిగిన షాలర్ అసలు సంగతి బయటపెట్టారు. వేటగాళ్లు వాటిని చంపి, చర్మం ఒలిచి, ఊలు పీకుతున్నారు. ఒక్క శాలువాకు మూడు నుంచి ఐదు ప్రాణాలు! ఆ ఊలు చేరింది మన కశ్మీర్ మగ్గాలకే. 1993లో చైనా చాంగ్‌తాంగ్‌లో ఏర్పాటు చేసిన అభయారణ్యం రెండు తెలుగు రాష్ట్రాల కంటే పెద్దది.

ఈ పని స్థానికులు చేయలేరా అని అడగవచ్చు. పశువుల కాపరులకు నిజం ముందే తెలుసు. షాలర్ కూడా చైనా, టిబెట్ సహచరులతోనే పనిచేశారు. కానీ కాపరి మాట ఢిల్లీ, లండన్ దుకాణాల దాకా వెళ్లదు. దాన్ని సాక్ష్యంగా మార్చి మోసుకెళ్లడానికి రెండు లోకాలూ ఎరిగిన మనిషి కావాలి. వారంలో ఫొటోలు తీసుకుని తిరిగొచ్చేవారికి మాత్రం ఈ వాదన వర్తించదు. 2016లో చిరు అంతరించే ప్రమాదపు జాబితాలో రెండు మెట్లు దిగి ఊపిరి పీల్చుకుంది. ఆ ఘనత షాలర్ ఒక్కరిదే కాదు, 1994లో కెకెషిలీ ప్రాంతంలో వేటగాళ్ల తూటాలకు బలైన టిబెటన్ అధికారి సోనమ్ దర్గ్యేది కూడా.