మద్యము - కాలేయము

మన దేహమందలి అవయవములలో హృదయమునకు గల ప్రఖ్యాతి కాలేయమునకు లేదు. పెద్దవారిలో ఇంచుమించు ఒకటిన్నర కిలోల తూకము గలిగి, కుడి ప్రక్కటెముకల క్రింద నణగియుండు ఈ యవయవము చేయు సేవ మాత్రము అపారమైనది. అది భోజనమందలి చక్కెరను నిలువజేసి ఆకలివేళ రక్తమున కందించును; రక్తము గడ్డకట్టుటకు వలయు పదార్థములను సిద్ధపరచును; పైత్యరసమును స్రవింపజేయును; విషతుల్యమగు అమ్మోనియాను యూరియాగా మార్చి మూత్రపిండములకు బంపును. ఇట్టి నమ్మకమైన సేవకునిపై మోయరాని బరువు మోపుటయే మద్యపానము.

మా మోమిన్‌పేట ప్రాంతమున "సీసామందు చెడ్డది, కల్లు చలువ చేయును" అను మాట తరచుగ వినబడుచుండును. మా యభిప్రాయమున ఈ మాటయే మిక్కిలి హానికరమైనది. చెట్టునుండి అప్పుడే దిగిన నీరా మధురపానీయము; దానిలో మత్తు లేదు. అది కొలది గంటలలో పులిసి కల్లగును. అందు బుట్టిన మద్యసారమునకును, సీసాలోని మద్యసారమునకును పాళ్లలోనే గాని గుణములో భేదము లేదు. కాలేయము కుండను జూడదు, సీసాను జూడదు. ఇది చాలదన్నట్లు కొందరు కల్లులో క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రాజోలాము మొదలగు మత్తుమందులు గలుపుచున్నారు. 2021 జనవరిలో మన వికారాబాదు జిల్లాలోనే కల్లు త్రాగి నూరుమందికి పైగా అస్వస్థులైరి.

మద్యసారమును కాలేయకణములు మొదట అసిటాల్డిహైడుగను, పిదప అసిటేటుగను మార్చును. వీనిలో మొదటిది మద్యసారముకన్న క్రూరమైన విషము. ఈ పనిలో మునిగియున్నంతసేపు కణములు తమ యితర కృత్యములను సరిగా నెరవేర్పజాలవు. క్రొవ్వును దహింపలేక తమలోనే పేర్చుకొనును. క్రొత్త చక్కెరను తగినంత చేయలేవు. కావుననే పగలంతయు కూలి చేసి, అన్నము ముట్టక త్రాగినవాడు ఒక్కొక్కప్పుడు రక్తములో చక్కెర తగ్గి స్పృహ దప్పును. చూచువారు నిషా యని విడిచిపోవుదురు; ప్రాణము పోవచ్చును.

క్రొవ్వు పట్టిన కాలేయము, త్రాగుడు మానినచో, కొలది వారములలో చాలవరకు కోలుకొనును. మానకున్న వాపు కలుగును; కొందరిలో తుదకు మచ్చలుగట్టి గట్టిపడును. దీనినే సిర్రోసిస్ అందురు. అప్పుడు పొట్టలో నీరు చేరును, రక్తము గ్రక్కుట కలుగును, శుద్ధిగాని రక్తము మెదడున కెక్కి మతి తప్పును. మొదటి దశలో నొప్పి లేకుండుటయే ఈ రోగముయొక్క మోసము.

కన్నులు పచ్చబడినంతనే మనవారు పసరు మందునకు పరుగెత్తుదురు. కామెర్లు రోగము గాదు, రోగచిహ్నము. కొన్ని వైరసులవలన గలుగు కామెర్లు తమంతట తామే తగ్గును. కీర్తి పసరునకు దక్కును. త్రాగుడువలన చెడిన కాలేయమున కట్టి యదృష్టము లేదు. పసరుతో గడచిన దినములు వైద్యమునకు నష్టమైన దినములే.

"మితముగా త్రాగిన దోషమేమి?" యని కొంద రడుగుదురు. ఆరోగ్యమునకు హాని లేని మద్యపరిమాణ మేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. "గీతవారి బ్రతుకు తెరువేమి?" యని మరికొందరందురు. ఇది న్యాయమైన ప్రశ్న. నీరాను, తాటిబెల్లమును ఆదరించుట దానికి తగిన యుత్తరమని మేము తలంతుము.

శాసనమొక్కటియే చాలదని మన చరిత్ర చెప్పుచున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరములు నేర్చినవారై, సారాపై తిరుగబడిరి. 1993లో సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. శాసనము తొలగినను, ఆ స్త్రీలకు చదువు నేర్పిన ధైర్యము తొలగలేదు.

కావున, విద్యార్థులారా, ఈ పాఠమును పరీక్షకొఱకు మాత్రమే చదువకుడు. ఇంట పెద్దలకు వినయముతో వినిపింపుడు, నిందింపకుడు. చిరకాలముగ త్రాగువారు ఒక్కసారిగా మానినచో మూర్ఛలు రావచ్చును గనుక, వైద్యుని సలహాతో మాన్పింపుడు. ఇందుకు సిగ్గుపడ నక్కరలేదు. మీ తండ్రులు దీర్ఘాయుష్మంతులై మీ వృద్ధిని కన్నులార జూడవలెననియే మా కోరిక.