కొండ మీద గిటారుకి కరెంటెక్కడిది?

మన సినిమాల్లో హీరో ఊటీ కొండెక్కి ఎలక్ట్రిక్ గిటారు మీటితే చాలు, లోయంతా మోగిపోతుంది. వైరుండదు, యాంప్లిఫయరుండదు, ప్లగ్గు పెట్టడానికి అసలు గోడే ఉండదు! ఆర్కెస్ట్రా కుర్రాళ్ళకి అంత అదృష్టం ఎక్కడిది? రాజమండ్రి తమ్ముడొకడు రాసిన ఉత్తరమే చూడండి. పాట సగంలో ఉండగా అతని గిటారు గొంతు ఉన్నట్టుండి పడిపోయిందట. యాంప్లిఫయరు లైటు వెలుగుతూనే ఉంది, వాల్యూము 10కి తిప్పినా దోమ పాటే. రిపేరు షాపాయన మూత తియ్యకుండానే "ట్రాన్స్‌ఫార్మర్ పోయింది" అని తేల్చి, పెట్టె ఖరీదులో సగం అడిగాడట. ఆదివారం పెళ్ళి ప్రోగ్రాం. అడ్వాన్సు తీసుకున్నారు, అది ఖర్చయిపోయింది కూడాను!

తమ్ముడూ, కంగారుపడకు. నీ ఉత్తరంలోనే సగం జవాబుంది. ఫ్యూజు కొట్టేస్తే అసలు పలకదు. నీది పలుకుతోంది, కాకపోతే నీరసంగా. అంటే దారి పూర్తిగా తెగలేదు, ఎక్కడో ఇరుకైంది. అది పట్టుకోవాలంటే ఒకసారికి ఒక్కటే మార్చి చూడు. నాలుగూ కలిపి మార్చావంటే, బాగయినా దేనివల్ల బాగయిందో తెలిసి చావదు.

ముందు పెడళ్ళన్నీ తీసి పక్కన పెట్టు. కొత్త వైరుతో గిటారుని సూటిగా యాంప్లిఫయరుకి తగిలించు. తర్వాత వేరే గిటారు. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

అప్పటికీ గొంతు లేవకపోతే పెట్టె వెనక్కి వెళ్ళు. అక్కడ 'సెండ్', 'రిటర్న్' అని రెండు జాక్‌లుంటే నా అనుమానమంతా వాటి మీదే. రిటర్న్ జాక్ లోపల చిన్న రేకు ఒకటుంటుంది. పిన్ను పెట్టనప్పుడు ఆ రేకు రెండోదాన్ని ఆనుకుని శబ్దాన్ని లోపలికి పంపుతుంది. ఎవరూ వాడకుండా ఏళ్ళు గడిస్తే దానికి చిలుము పడుతుంది, దుమ్ము చేరుతుంది. ఇక అది తాకీ తాకనట్టు ఉంటుంది. గట్టిగా ఒక స్వరం మీటగానే గొంతొచ్చి, మళ్ళీ పోతుంటే ఇదేనని పందెం కాయొచ్చు. పొట్టి గిటారు వైరొకటి తీసుకుని సెండ్ నుంచి రిటర్న్‌కి కలిపి చూడు. గొంతు లేచిందా, షాపాయన ట్రాన్స్‌ఫార్మర్ నిక్షేపంగా ఉన్నట్టే! ఆదివారం ఆ వైరు అలాగే ఉంచి వాయించెయ్. తీరిగ్గా కరెంటు ప్లగ్గు పీకి, పిన్నుకి కాంటాక్ట్ క్లీనర్ రాసి, పదిసార్లు పెట్టి తియ్యి.

లేవలేదనుకో. ఫోన్లో పాట పెట్టి, తగిన వైరుతో రిటర్న్‌లోకి పంపు. సన్నగా మొదలుపెట్టి మెల్లగా పెంచు. పాట దండిగా వినిపిస్తే వెనక భాగమూ స్పీకరూ క్షేమం, రోగం ముందు భాగంలో ఉంది. అదీ సన్నగానే వస్తే స్పీకరు వైరు, స్పీకరు, పవర్ వాల్వులు చూడాలి. వాల్వు లోపలి రేకు ఎర్రగా కాలుతుంటే మాత్రం ఆ క్షణమే ఆపెయ్.

ఇక్కడితో నీ పని సరి. మూత విప్పకు. వాల్వు యాంప్లిఫయరులో 400 వోల్టులు, అంతకు మించీ ఉంటాయి. ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో ఆ కరెంటు దాక్కునే ఉంటుంది. మనిషిని చంపడానికి అది చాలు. స్పీకరు తీసేసి వాల్వు యాంప్లిఫయరు వాయించావో, అప్పుడు నిజంగానే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది!

అన్నట్టు, 1964లో ఇంగ్లండులో 'కింక్స్' బృందం కుర్రాడు డేవ్ డేవిస్ తన స్పీకరు అట్టని బ్లేడుతో కోసి, ఆ గరగర శబ్దంతోనే పాట రికార్డు చేశాడు. అది అక్కడ నంబర్ వన్ అయింది. నువ్వు మాత్రం బ్లేడు ముట్టకు. పెళ్ళివారికి మెలొడీయే కావాలి.

పొట్టి వైరు పరీక్షలో ఏమైందో ఒక ముక్క రాసి పడెయ్. షాపాయనకి డబ్బు కట్టడం ఆ తర్వాత చూద్దాం.