తత్త్వశాస్త్రము – సివిలు సర్వీసు పరీక్ష

సివిలు సర్వీసు పరీక్షకు ఐచ్ఛికవిషయముగా తత్త్వశాస్త్రమును గైకొనవచ్చునా యని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల యువకులు కొందరు ప్రశ్నించుట కద్దు. వారు చెప్పుకొను కారణ మొక్కటే: పాఠ్యక్రమము చిన్నది. ఈ కారణమును మే మంగీకరింపజాలము.

చిన్నదనుట నిజమే. కాని ప్లేటో మొదలు విట్‌గెన్‌స్టైన్ వరకును, చార్వాకులు మొదలు అరవిందుల వరకును గల వాదములు అందు ఇమిడియున్నవి. వ్రాతపరీక్షలో లెక్కకు వచ్చు 1750 మార్కులలో ఐచ్ఛికమునకు 500. 2013 నుండి రెండు ఐచ్ఛికములకు బదులు ఒక్కటియే మిగిలినందున, ఇచ్చట జారినవానిని ఆదుకొనుటకు రెండవది లేదు. కోరుట్ల చేరువనున్న మెట్‌పల్లి యువకుడు దురిశెట్టి అనుదీప్ 2017 పరీక్షలో దేశమున ప్రథముడైనది ఐదవ ప్రయత్నమున. ఆయన గైకొన్నది మానవశాస్త్రము. ఐచ్ఛికమే గెలిపించునని భ్రమించువారు ఆ ఐదు ప్రయత్నములను తలచుకొందురు గాక.

తత్త్వశాస్త్రమును గైకొనుటకు మెరుగైన కారణము వేఱొకటి కలదు. తెలుగున వ్రాయదలచినవానికి అందలి సగము పరిభాష పుట్టింటిసొత్తు. ప్రమాణము, ప్రకృతి, పురుషుడు, మోక్షము మనకు క్రొత్తమాటలా? పాఠ్యక్రమము నింగ్లీషున కూర్చినవారు సైతము ప్రతీత్యసముత్పాదమును, క్షణికవాదమును అట్లే యుంచవలసివచ్చినది. ధర్మపురి గోదావరియొడ్డున పురాణము వినుచు పెరిగినవాడు అద్వైత విశిష్టాద్వైతముల పేళ్లైన విన్నవాడే. (వినికిడి వేదాంతమునకు మార్కులు రాలవనుకొనుడు.) రెండవ పత్రమున సమత్వము, న్యాయము, మార్క్సువాదము, కులవివక్షపై గాంధీ అంబేడ్కరుల వాదములు కలవు. సిరిసిల్ల మరమగ్గముల చప్పుడులో కూలిబేరము విన్న పిల్లవానికి ఇవి ఉత్త పుస్తకపు మాటలు కావు.

కాంటు, హెగెలుల సంగతి వేఱు. వారి పరిభాషకు తెలుగుమాటలు ఇంకను స్థిరపడలేదు. ఒకరు వ్రాసినమాట వేఱొకరు వ్రాయరు. ప్రశ్నలు హిందీలోను ఇంగ్లీషులోను మాత్రమే ముద్రింపబడును. సమాధానము తెలుగున వ్రాయవచ్చును; పారిభాషికపదమునకు ఇంగ్లీషుమాటను ప్రక్కన వ్రాసికొనుటకు అనుమతియు కలదు. ఈ దయ చాలదు! మన హైదరాబాదులోనే 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1948 వరకు ఉర్దూ బోధనాభాషగా నుండెను. అందుకై 1917లోనే అనువాదశాఖ నొకదాని నేర్పరచి, శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చికొనిరి. నాడు తెలుగువారి యెదుట ఉర్దూకు సాధ్యమైనపని, నేడు తెలుగుప్రభుత్వముల యేలుబడిలో తెలుగునకు సాధ్యము కాదా? ధనము లేకకాదు, పూనిక లేక. ప్రశ్నపత్రము తెలుగున రావలెనని అడుగుటకు ముందు, ఆ ప్రశ్నలు చదివి గ్రహించుటకు తగిన గ్రంథములు తెలుగున నుండవలెను గదా.

అంతవరకు యువకులకు మా సలహా యిది. దరఖాస్తున తత్త్వశాస్త్రమని వ్రాయుటకు ముందు, ఊరి గ్రంథాలయమున కూర్చుండి బౌద్ధమొక వారము, కాంటు నొక వారము చదివిచూడుడు. రెండవవారమున ఆవులింతలు రాకున్న నిస్సంశయముగా వ్రాయవచ్చును.