ఇంటి మాటకు ఎర్ర గీత వద్దు

 

2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు చేయడం వచ్చి ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. మూడో తరగతి బిడ్డ నిమిషానికి కనీసం 60 మాటల చొప్పున, అర్థం చేసుకుంటూ చదవాలన్నది అందులో ఒక లక్ష్యం. చాలామంది 60 అన్న అంకె దగ్గరే ఆగిపోతున్నారు. మన బడికి అసలు చిక్కు 'అర్థం చేసుకుంటూ' అన్నచోట ఉంది.

మనం ఒడిశాలో తరతరాలుగా ఉన్నవాళ్లం. మన ఇళ్లలో 'ఏటి', 'సదువు', 'అయ్య' అంటాం. ఒడియా మాటలూ కలిసిపోయాయి. పుస్తకంలో తెలుగు వేరు. కొన్నేళ్ల కిందట మూడో తరగతి పిల్ల ఒకతి 'అయ్య నాకు కొత్త ఖాతా కొన్నాడు' అని రాసింది. ఒడియాలో ఖాతా అంటే నోటుపుస్తకం. పుస్తకాల తెలుగులో ఖాతా బ్యాంకులో ఉండేది. నేను ఎర్ర సిరాతో కొట్టేశాను. తర్వాత చాలా రోజులు ఆ పిల్ల సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు. బోర్డు మీద ఉన్నది ఎక్కించుకుని ఊరుకునేది. తప్పు నాది.

ఈ తగవు మన ప్రాంతానికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పినవారే. సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. తెలుగు పిల్లల సంగతేమిటి? నోటితో 'వస్తున్నాడు' అనే పిల్లవాడు కాగితం మీద 'వచ్చుచున్నాడు' అని రాయాలి. అందుకే ఆయన వాడుక భాష కోసం పోరాడారు. భాష చెడిపోతుందని పండితులు అన్నారు. చెడిపోలేదు. అప్పటి 'గుఱ్ఱము' ఇప్పుడు 'గుర్రం' అయింది, ఎవరికీ తప్పనిపించదు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.

అలాగని ఏది రాసినా ఒప్పేనా? కాదు. 'గుడి'కి ఒత్తు పెడితే 'గుడ్డి' అవుతుంది. అది దిద్దాల్సిన తప్పు. 'ఖాతా' అలాంటిది కాదు, మన ఊరి మాట. పై తరగతుల్లో, పరీక్షల్లో పుస్తకం మాట కావాలి కాబట్టి అదీ నేర్పాలి. ఒకటి చెరిపి ఇంకొకటి నేర్పనక్కర్లేదు.

'మాది సరైన తెలుగు కాదు మాస్టారూ, ఇంగ్లీషు మీడియంలో వేసేస్తాం' అని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. 1956 నుంచి అది ఉంది. కానీ మన మాటను మనమే చిన్నచూపు చూస్తే తరగతిలో పిల్లలుండరు. పిల్లలు లేని చోట ఆ అధికరణం ఎవరికి పనికొస్తుంది?

ఇకనుంచి మా టీచర్లు ఒకటి నుంచి మూడో తరగతి వరకు ఇంటి మాటను కొట్టేయరు. పక్కన పుస్తకం మాట రాస్తారు. మీరు చేయాల్సింది ఒక్కటే. రాత్రి అన్నాలయ్యాక, ఆ రోజు జరిగిన సంగతి ఒకటి పిల్లచేత మీ మాటల్లోనే రెండు వాక్యాలు రాయించి, గట్టిగా చదివించండి. చదువురాని అమ్మ, నాన్న అయినా ఫర్వాలేదు, వింటే చాలు.